కోట తీసినవాడు

"నేను ఎక్కువ చేసి చెప్పే మనిషిని కాదు సార్. కావాలంటే మా బావని అడగండి."

బావ టీకొట్టు బల్ల మీద ఆ చివర కూర్చుని, చొక్కా జేబు మీద చెయ్యి వేసుకుని గ్లాసులోకి చూస్తున్నాడు. ఎదురుగా ఉన్న ఫొటో స్టూడియో ఆయనదే. ఆయన పక్కన కూర్చున్నది ప్రింటింగ్ ప్రెస్సు ఓనరు. కొత్త సంవత్సరం క్యాలెండరుకి పాతకోట ఫొటోలు కావాలని నిన్న చెప్పి, ఇవాళ వాటికోసం వచ్చాడు. అవీ తెల్లవారుజాము వెలుగులో తీసినవే కావాలి, ఇవాళ మధ్యాహ్నంలోగా కావాలి, లేకపోతే ఇంకో స్టూడియో చూసుకుంటాడు. ఈ పని కుదిరితే బోర్డు మీద తన పేరు పక్కన బామ్మర్ది పేరు కూడా రాయిస్తానని బావ మాటిచ్చాడు. పెయింటర్ సాయంత్రం వస్తాడు. ఇప్పుడు మాట్లాడుతున్న ఆ బామ్మర్దిని వీధిలో అందరూ జూమ్ అంటారు, చిన్నదేది చెప్పినా పెద్దదై కనిపిస్తుంది కాబట్టి.

"ఇంతకీ ఫొటోలేవయ్యా?" అన్నాడు ప్రెస్సాయన.

"అక్కడికే వస్తున్నా సార్. పిన్నీ, సార్‌కి ఇంకో టీ. ఇవాళ ఇంకా చీకటుండగానే లేచాను. అందరూ ఏం చేస్తారు, ఎండెక్కాక తీరిగ్గా వెళ్లి, తెల్లగా మాడిపోయిన గోడని తీసుకుని వచ్చేస్తారు. నా పద్ధతి వేరు. నేను వెళ్లేసరికి గేటు దగ్గర కాపలా ఆయన ఇంకా దుప్పటి మడతపెట్టుకుంటున్నాడు, ఎవరన్నాడు, ఫలానా అన్నాను, అయ్యో మీరా అని గేటు తీశాడు. లోపలంతా మంచు, నా చెయ్యి నాకే కనపడదు. స్టాండు వేసి కూర్చున్నాను. పెద్ద వాకిలికి అటూ ఇటూ రాతి గుర్రాలున్నాయి కదా, కుడిపక్క గుర్రం ముక్కు మీద మొదటి వెలుగు పడింది, వెన్న రాసినట్టు. ఆ వెలుగు కోసం ఒక్కొక్కడు ఏడాదంతా తిరుగుతాడు సార్! నొక్కాను. తీశాను. ఇంతవరకు పెద్ద విశేషమేం లేదు, ఎవరైనా తీస్తారు, నా అంత బాగా కాకపోవచ్చు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కెమెరా దించి చూస్తే గుర్రం లేదు."

"లేకపోవడమేమిటి?"

"లేదంటే లేదు సార్! దిమ్మె ఉంది. దిమ్మె మీద నాలుగు గిట్టల గుంటలున్నాయి. గుర్రం మాత్రం లేదు. కెమెరా వెనక తెర చూస్తే అందులో ఉంది, నాకేసి చూసి కళ్లార్పుతోంది. అప్పుడర్థమైంది. అందరూ ఫొటో తీస్తారు. నేను తీస్తే, తీసేసినట్టే!"

టీకొట్టు పిన్ని గిన్నె కింద మంట తగ్గించింది. "మా వంటింటి గోడలో వంగిపోయిన మేకొకటుంది, ఎంత లాగినా రావడం లేదు. వచ్చి తీసిపెట్టు బాబూ."

"చిన్న పనులు చెప్పకు పిన్నీ. సరే, కళ్లు మోసం చేశాయేమో అనుకున్నా. స్తంభాల మండపంలోకి వెళ్లి ఒక స్తంభాన్ని తీశాను. మాయం! ఇంకోటి తీశాను. అదీ మాయం! ఇక వేలు నా మాట వినలేదు, అలా నొక్కి పట్టుకున్నా. మన కెమెరా సెకనుకి పది తీస్తుంది, అక్కడున్నవి వంద స్తంభాలు, లెక్క మీరే వేసుకోండి, పది సెకన్లలో మండపం ఖాళీ. పైకప్పొక్కటే గాల్లో నిలబడి ఉంది."

"కూలిపోలేదా?" ప్రెస్సాయన గ్లాసు పెదాల దగ్గరే ఆగిపోయింది.

"ఎందుకు కూలుతుంది సార్? కింద స్తంభాలు లేవని దానికెవరు చెప్పారు? నేను చెప్పలేదు. దగ్గొస్తే కూడా నోరు మూసుకుని, మునివేళ్ల మీద బయటికొచ్చేశాను. కానీ బరువు! స్తంభానికి అయిదు టన్నులేసుకున్నా వందకి అయిదొందల టన్నులు, గుర్రం కాక. బ్యాగు పట్టీ భుజంలోకి కోసుకుపోయింది. అడుగేస్తే మోకాలి దాకా నేలలోకి దిగిపోతున్నా, కాలు పీక్కోవడం, మళ్లీ వెయ్యడం, మళ్లీ పీక్కోవడం."

"ఏదీ, భుజం చూపించు."

"చొక్కా మీంచి కనపడదు సార్. వినండి. అంతటితో ఆగొచ్చుగా? ఆగితే నేనెందుకవుతాను! బురుజుని తీశాను. ప్రహరీ పొడుగ్గా ఉంది, ఒక్క దాంట్లో పట్టలేదు, మూడు ముక్కలుగా తీశాను. రాణివాసం తీశాను, అందులో పావురాలున్నాయి, అవీ వచ్చేశాయి, బ్యాగులో ఒకటే గుర్రుగుర్రుమని గోల. చివరికి మైదానంలో నేనూ, గాల్లో ఆ కప్పూ మిగిలాం. సరిగ్గా అప్పుడు కొండ వెనక నుంచి లేచాడు సార్, ఎర్రగా, ఇంత లావున. అలవాటు కొద్దీ కెమెరా అటు తిప్పాను."

"ఎటు?" అన్నాడు ప్రెస్సాయన.

"సూర్యుడి వైపు."

ప్రెస్సాయన గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

"తీసేశాను సార్. ఊరంతా మళ్లీ కటిక చీకటి! నమ్మరు కదూ? పిన్నీ, నిజం చెప్పు, ఇవాళ కొట్టు ఆలస్యంగా తెరిచావా లేదా?"

"గ్యాస్ అయిపోయి తెరిచాను."

"గ్యాస్ అని నువ్వనుకున్నావు. సూర్యుడు నా బ్యాగులో ఉన్నాడు పిన్నీ! వీపు కాలిపోతోంది. ఇంతలో కాపలా ఆయన టార్చి వేసుకుని వచ్చాడు. అటు వేశాడు, ఇటు వేశాడు. 'కోటేది?' అన్నాడు. పాపం, పై ప్రాణాలు పైనే పోయాయి మనిషికి. కూలబడిపోయాడు. 'కోటకి కాపలా పెడితే కోటే పోయిందని పై ఆఫీసులో ఏ మొహంతో చెప్పుకోను బాబూ, నా ఉద్యోగం పోతుంది, పిల్లలు చిన్నవాళ్లు' అని నా చేతులు పట్టుకున్నాడు. నా మనసెంత మెత్తనో బావకి తెలుసు. ఒక్కొక్కటే డిలీట్ కొట్టడం మొదలుపెట్టాను. ముందు సూర్యుడు, లేకపోతే మిగతావి ఎక్కడ పెట్టాలో కనపడదుగా. తర్వాత ప్రహరీ, బురుజు, స్తంభాలు, పైకప్పు గమనించేలోపే దూర్చేశాను. ఆఖరికి గుర్రం ధబ్బుమని దిమ్మె మీద పడింది. వెళ్లి చూసుకోండి, దాని మొహం ఇప్పటికీ కాస్త అలిగినట్టే ఉంటుంది." జూమ్ గొంతు తగ్గించాడు. "అందుకే సార్, కెమెరాలో ఒక్క ఫొటో లేదు. ఫొటోలు కావాలా, ఊరికి కోట కావాలా అన్న పరిస్థితి వచ్చింది. నేను కోట అన్నాను. ఇంకెవడైనా అయితే బోర్డు మీద పేరు కోసం ఆశపడి ఊరుకునేవాడు."

ప్రెస్సాయన బావ వైపు తిరిగాడు.

బావ గ్లాసు కింద పెట్టాడు. జేబులోంచి గోరంత నల్లటి బిళ్లొకటి తీసి బల్ల మీద ఉంచాడు.

"ఇదేంటో తెలుసా?"

"మెమరీ కార్డు," అన్నాడు జూమ్.

"మన కెమెరాదే. నిన్న సాయంత్రం పెళ్లి ఫొటోలు కంప్యూటర్లోకి ఎక్కించాలని కెమెరాలోంచి నేనే తీశాను. మళ్లీ పెట్టడం మర్చిపోయాను. అది లేకపోతే నువ్వు ఎంత నొక్కినా ఆ కెమెరా ఒక్క ఫొటో కూడా తీయదు."

జూమ్ ఆ కార్డుని వేలితో అటూ ఇటూ తిప్పాడు. "మరి... పొద్దున్నే చెప్పొచ్చుగా బావా?"

"నువ్వప్పటికే వెళ్లిపోయుంటావని, చెబుదామనే చీకట్లో స్కూటరేసుకుని కోటకి పరిగెత్తాను. వెలుగుపోతే సార్ చెయ్యి జారిపోతాడని భయం. కాపలా ఆయన, నేనూ గేటు అరుగు మీద పక్కపక్కనే కూర్చున్నాం. గుర్రం ముక్కు మీద వెలుగొచ్చింది. నువ్వు చెప్పినట్టే, వెన్న రాసినట్టే ఉంది. పోయింది కూడా. ఎండ ముదిరింది. నువ్వు రాలేదు. దారిలో ఏదైనా జరిగిందేమోనని గుండె చేత్తో పట్టుకుని తిరిగొచ్చాను. వచ్చి చూస్తే స్టూడియో షట్టర్ లోపల్నుంచి దించే ఉంది, నీ గురక రోడ్డు మీదికి వినిపిస్తోంది."

పిన్ని గరిట కిందపెట్టేసింది. "అంటే పొద్దుట్నుంచి వీడు షట్టర్ నొక్కడం కాదు, ఎత్తనే లేదన్నమాట!"

"అది కాదు బావా, నువ్వు అక్కడున్నా నేను నీకు కనపడలేదంటే..." జూమ్ గాల్లో చెయ్యి తిప్పాడు. చెయ్యి అలాగే ఉండిపోయింది.

ప్రెస్సాయన లేచాడు. "ఒక్క రోజు ఆగుతాను. రేపు పొద్దున మీరే వెళ్లండి. ఆ గుర్రాన్ని మాత్రం దిమ్మె మీదే ఉంచండి."

బావ తలూపి ఫోన్ తీశాడు. "పెయింటర్ గారూ, సాయంత్రం రావద్దండీ. బోర్డు అలాగే ఉండనివ్వండి." పెట్టేసి బామ్మర్ది వైపు చెయ్యి చాపాడు. "ఆ బ్యాగు ఇలా తీయ్."

జూమ్ భుజం మీంచి కెమెరా బ్యాగు తీసి ఇచ్చాడు.

"ఇవాళ నువ్వు నిజంగా తీసింది ఇదొక్కటేరా," అన్నాడు బావ.