పూడిమడకకు చేరని హెచ్చరిక

నా పేరు బొడ్డేడ నాగజ్యోతి. వయస్సు 29. అనకాపల్లి గవరపాలెంలో ఉంటాను. ఇదే ఊళ్లో సురేష్‌బాబు నడిపే సాఫ్ట్‌వేర్ కంపెనీలో ప్రోగ్రామర్‌ని. నేను కావాలనే కోడ్‌కు తాళం వేసి హెచ్చరికలు ఆపానని ఆయన నా మీద ఫిర్యాదు ఇచ్చాడు. అది అబద్ధం.

మా యాప్ గాలివాన కబుర్లను పూడిమడక మత్స్యకారుల ఫోన్లకు పంపుతుంది. కోడ్ మార్చిన ప్రతిసారీ దానంతటదే తనిఖీ జరిగేలా హుక్ అనే చిన్న ప్రోగ్రాం పెట్టాను. ఆఫీసులోని పరీక్ష ఫోన్ మోగకపోతే హుక్ ఆ మార్పును లోపలికి రానివ్వదు. నేను వేసిన తాళం అదొక్కటే.

ఆగస్టు 11, సోమవారం మధ్యాహ్నం సురేష్‌బాబు చేసిన మార్పును హుక్ ఆపేసింది. ఆయన నన్ను పిలిచాడు.

“ఏటమ్మా ఈ గోల? రేపు ఆఫీసర్లకి సూపించాలి. తీసేయ్ దీన్ని.”

“తియ్యను సార్. ఫోన్ మోగట్లేదు. ముందది సూడండి.”

“తర్వాత సూత్తాంలే. కంపెనీ నీదా, నాదా?”

నేను తీయలేదు. తనిఖీ వద్దని చెప్పే మాటను కంప్యూటర్‌కు ఇచ్చే ఆదేశానికి తగిలించి, ఆయనే మార్పును సర్వర్‌కు ఎక్కించాడు. తెలిసే తనిఖీని దాటించాడు. వద్దన్నాను. మళ్లీ వద్దన్నాను. నా లాగిన్ తీయించి, బయటికి పొమ్మన్నాడు.

మంగళవారం తెల్లవారుజామున గాలి హెచ్చరిక మా సర్వర్‌కు వచ్చింది. ఒక్క ఫోన్‌కూ వెళ్లలేదు. పూడిమడక సత్తియ్య పడవ తిరగబడింది. ఆయన చనిపోయాడు.

బుధవారం ఆయన భార్య గంగాభవాని ఆఫీసుకు వచ్చింది. నేను నా సామాను తెచ్చుకోవడానికి అక్కడే ఉన్నాను.

“మా ఆయన ఫోను కవర్లో సుట్టి నడుంకి కట్టుకున్నాడు. ఒక్కపాలి మోగినా తిరిగొచ్చేసేవోడు. ఎవరు నొక్కేసేరు ఆ కబురు?” అంది.

సురేష్‌బాబు నన్ను చూపించి, “తాళం ఏసింది ఈవిడే” అన్నాడు. గంగాభవాని నన్ను చెంప మీద కొట్టింది. ఆయన అటు తిరిగి ఏసీ తగ్గించుకున్నాడు. ఆమె మీద నాకు ఫిర్యాదు లేదు. ఆయన మీద ఉంది.

ఈ రోజు ఇన్‌స్పెక్టర్ గారు నా లాగిన్ తిరిగి ఇప్పించాక, ఆఫీసులో ఆయన ఎదుట అదే మార్పును మళ్లీ నడిపాను. ఫోన్ మోగలేదు. హుక్ ఆపింది. ఆ మార్పు మీద ఉన్న పేరు సురేష్‌బాబుది.

నేను చెప్పింది స్టేషన్‌లో రాసుకుని నాకు చదివి వినిపించారు. ‘సురేష్‌బాబు పొరపాటున తనిఖీని దాటించాడు’ అని ఉంది. ‘పొరపాటున’ అన్న మాట కొట్టించి ‘తెలిసే’ అని రాయించాను. ఇప్పుడిది నేను చెప్పిన మాట. ఇప్పుడిది నిజం. అందుకే సంతకం పెడుతున్నాను.

(సం) బి. నాగజ్యోతి
అనకాపల్లి, 14-08-2025