ఆరబెట్టిన గ్లవ్స్

ఆ జనవరి పదో తేదీ సాయంత్రం, ఇద్దరూ వేయించిన ఉల్లిపాయలతో పెరోగీలు, అంటే బంగాళాదుంప కూరి ఉడికించిన కుడుములు, తింటున్నారు. కెనడాలోని సస్కచెవాన్‌లో జూనియర్ ఐస్ హాకీ జట్లు ఆటగాళ్ళను మార్చుకోవడానికి అదే ఆఖరి రోజు. జట్టు ఏర్పాటుమీద మూడు సీజన్లుగా తన ఇంట్లో బస ఉంటున్న గోల్‌కీపర్ కుర్రాడు ఫోన్ పెట్టేసి పళ్ళెం వంకే చూస్తూ కూర్చోవడం పెద్దాయన గమనించాడు.

“ఏ ఊరికి పంపిస్తున్నార్రా?”

“ఏ ఊరికీ లేదు తాతా. ఇరవయ్యేళ్ళవాళ్ళు జట్టుకి ముగ్గురే ఉండాలి. ఇవాళ ఇంకొకణ్ణి తెచ్చుకుని నన్ను తీసేశారు.”

“ఇంకో జట్టు తీసుకోదా?”

“వరసగా పదిహేడు ఆటలు ఓడినవాణ్ణా? వచ్చే ఏటికి నా వయసు దాటిపోతుంది. అయిపోయింది.”

“నీ గోలుకి అడ్డు నిలవాల్సినవాళ్ళు నిలబడి నిద్రపోతే నువ్వేం చేస్తావురా?”

“నవ్వించకు తాతా.”

“తిను. చల్లారితే మీరు కొట్టే ఆ రబ్బరు బిళ్ళల్లా గట్టిపడతాయి. నాన్నకి చెప్పావా?”

“ఏమని చెప్పను? ఐదో ఏటి నుంచీ చీకటితోనే లేచి నన్ను మంచు మైదానానికి తీసుకెళ్ళాడు.”

పెద్దాయన ఇంకో రెండు పెరోగీలు అతని పళ్ళెంలో వేశాడు.

“పొద్దున బస్సుకి పోతాను. కింద గదిలో ప్యాడ్లూ గ్లవ్సూ ఆరేశాను, రేపటి ప్రాక్టీసుకని. తీసేస్తాలే, నీకు కంపు.”

“ఆరనీరా.”

“ఎందుకు? మళ్ళీ వేసుకుంటానా?”

“తడివి సంచిలో కుక్కితే పాడైపోతాయి.”

కుర్రాడు పడుకున్నాక పెద్దాయన కిందికి దిగి, గ్లవ్స్‌ను హీటరు నుంచి వచ్చే వెచ్చటి గాలివైపు తిప్పిపెట్టాడు. మూడేళ్ళుగా కంపని తిట్టుకుంటూ దఢాలున వేసే ఆ గది తలుపును చప్పుడు కాకుండా మూశాడు.