గుమ్మంలో అడగని మాట

పురుగుమందులు ఎవరిళ్లలోనూ ఉండకూడదని, కొల్లిపర దగ్గరి ఓ ఊళ్లో రైతులు, పొదుపు సంఘం, ఆరోగ్య కేంద్రం కలిసి ఒక ఉమ్మడి గది కట్టుకున్నారు. దాని తాళంచెవి పొదుపు సంఘంలో ఒకామె దగ్గర ఉంటుంది. మందు ఎందుకో, అడిగిన మనిషి మనసెలా ఉందో కనుక్కున్నాకే ఇవ్వాలని ఆరోగ్య కేంద్రం వాళ్లు ఆమెకు నేర్పారు. నిన్న తీసుకెళ్లిన తాళంచెవిని ఊళ్లో ఒక పెద్దాయన ఈ పొద్దున్నే, ఆమె గుమ్మంలో కూర్చునుండగా, తిరిగి తెచ్చాడు.

"ఇదిగోనమ్మా. గది తియ్యలేదు."

"ఏంటి బాబాయిగారూ, మందు అక్కర్లేకపోయిందా?"

"నా చేలో ఇంకేముందని కొట్టాలి?"

ఆయన చేను కోసి పది రోజులైంది. ఆ సంగతి నిన్నా ఆమెకు తెలుసు.

"అడుగుదామనుకున్నానండి. పిన్నిగారు పోయాక మీరు సరిగా తినట్లేదని కూడా విన్నా. పెద్దవారు కదా, ఏమనుకుంటారోనని..."

"అడగమని నీకు నేర్పారుగా."

"నేర్పారండి. తలూపి వచ్చా."

"గది తలుపు మీద, మనసు బాలేకపోతే మాట్లాడమని రాసిన నంబరుంటే ఫోన్ చేశా. ఎవరో అమ్మాయి, నా మొహం కూడా ఎరగదు. చచ్చిపోవాలనుందా తాతగారూ అని సూటిగా అడిగేసింది. ఏడుపొచ్చేసిందమ్మా."

ఆమె తలెత్తలేకపోయింది.

"నిన్న నీ గుమ్మంలో అంతసేపు నిలబడింది కూడా నువ్వు ఆ మాట అడుగుతావేమోననే. నువ్వు కాఫీ తాగుతారా అని అడిగావు."

ఆమె తాళంచెవి పక్కన పెట్టి, ఆయన మొహంలోకి చూసింది.

"ఇప్పుడు... ఇంకా అలాగే అనిపిస్తోందా బాబాయిగారూ?"

"కాస్త జరుగమ్మా. కూర్చుని చెప్తా."