భూమేష్ రాసిన మారని లిస్టు

2006 మార్చి. ఆర్మూర్ పసుపు మార్కెట్ ముందర కాశీరాం ఛాయ్ హోటల్. పదకొండు గంటలకు వేలం. రైతుల సరుకు అమ్మిపెట్టే అడ్తి దుకాణంలో కంప్యూటర్ చూసే భూమేష్ అప్పటికే రెండో ఛాయ్ మీద ఉన్నాడు. ఎదురు బల్ల మీద ఆలూర్ రైతు రత్నవ్వ కొంగు నడుముకు చుట్టి, సంగతి తేలేదాకా కదలనన్నట్టు కూర్చుంది. ఆమె నలభై ఏడో కుప్ప కాడి పసుపు, అంటే పొడుగు కొమ్ములు. దుకాణం గోడకు అంటించిన లిస్టులో మాత్రం గోళ, అంటే గుండ్రటి దుంప అని పడింది. కాడికి వచ్చే ధర గోళకు రాదు.

"ఫికర్ జెయ్యకు అవ్వా, పొద్దుగాల్నే సరిజేసిన. నేను జావా భాషల రాసిన ప్రోగ్రాం అంటే ఏమనుకున్నవ్? ఇటు కుప్ప నంబరు, అటు సరుకు. నంబరు చెప్తె సరుకు చెప్తది. బెంగళూరోళ్లు గీన్ని ఇమ్యూటబుల్ మ్యాప్ అంటరు. ఒక్కసారి రాస్తె ఎవ్వడు గెలకలేడు. మార్పు గావాల్నంటే పాతదాన్ని ముట్టుకోకుంట, మార్పుతోని కొత్త లిస్టు తయారు జేస్తది. మూడు నెల్లు కూసుండి నేర్చుకున్న."

"మంచిదే," అన్నాడు కాశీరాం పాలు పోస్తూ.

"ఉత్త మంచిదేనా? పోయినేడు ముగ్గురు గుమస్తాలు ఒక్కసారే మీటలు గొట్టిండ్రు. వేరే లిస్టయితే కిచిడీ అయ్యేది, నాది ఉలకలే పలకలే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వైరస్ వచ్చింది. ఆర్మూర్ల కంప్యూటర్లన్ని పండుకున్నయ్. గా వైరస్ నా లిస్టు కాడికొచ్చి, ఒక్క అక్షరమన్న మారుద్దామని వారం రోజులు తిప్పలువడి, ఆఖరికి దానికే జ్వరమొచ్చింది."

"వైరస్‌కు జ్వరమా?"

"నూట నాలుగు! నడుమల రాకు కాశీరామన్నా. గా వానకాలమే పిడుగు వడ్డది. డబ్బా కాలింది, బల్ల కాలింది, నా కుర్సీ కాలింది. బూడిద ఊదితే కింద లిస్టు గట్లనే ఉన్నది, నంబర్లు వరసగ! మా సేటుకు నమ్మకం కుదరక పట్కపోయి దొంకేశ్వర్ దిక్కు పోచంపాడ్ డ్యాం నీళ్లల్ల ఇసిరేసిండు. ఒక పెద్ద చేప వచ్చి పన్నెండో కుప్పను పదమూడు జేద్దామని తోకతోని కొట్టింది. తోక ఇరిగింది గని నంబరు కదల్లే."

"మరి చేప?"

"దవాఖానకు తోలిచ్చిన. అన్నిటికంటె పెద్ద ముచ్చట ఇప్పుడు చెప్త. బ్రహ్మ నా కలలకొచ్చిండు. భూమేషూ, నేను రాసిన తలరాతలు మంది పూజలు జేసి మార్పిచ్చుకుంటున్నరు, జర నీ ప్రోగ్రాం ఇయ్యి అన్నడు. ఇయ్యలే. ఆయనకు జావా రాదు."

హోటలంతా నవ్వింది. రత్నవ్వ నవ్వలేదు.

"బిడ్డా, పొద్దుగాల సరిజేసిన అన్నవ్ గద."

"ఒక్కసారి గాదవ్వా, మూడుసార్లు."

"పాతదాన్ని ముట్టుకోలే."

"ముట్టుకోనే ముట్టుకోలే! గదే గద దాని గొప్ప."

"మూడుసార్లు కొత్త లిస్టు తయారైంది."

"అయింది."

"మరి గవి ఏడున్నయ్? గోడకేసింది ఏది?"

భూమేష్ గ్లాసు పెదాల దగ్గరే ఆగింది. కొత్త లిస్టు తయారు చెయ్యమని రాశాడు గాని, తయారైనదాన్ని పట్టుకొమ్మని ప్రోగ్రాంలో ఒక్క లైను కూడా రాయలేదు. మూడూ గాలికి పోయాయి. అచ్చు వేసినప్పుడల్లా పాతదే వచ్చింది.

"గది... కొత్తదానికి పేరు వెట్టి దాసుకోవాలె అవ్వా. యాది మరిసిన."

రత్నవ్వ లేచింది. గోడ గడియారంలో వేలానికి ఇంకా ఇరవై నిమిషాలున్నాయి.

"తొమ్మిది నెల్లు పెంచిన, తవ్విన, ఉడకవెట్టిన, ఎండవెట్టిన. నా కాడిని గోళ అంటె ఊకుంట అనుకున్నవా? లే. నీ లిస్టు కదలకుంటె కదలకపాయె, నిన్నయితే నేను కదిలిస్త."

చేతిలోని గ్లాసు గుంజుకొని బల్ల మీద పెట్టింది. దుకాణం గోడకు కొత్త కాగితం అంటించేదాకా ఆమె భూమేష్ అంగీ వదల్లేదు.