తెల్ల టేపు నాలుగు చుట్లు

ఆగాగు, ఆ టేపు ఎందుకు తీశావు? కుళాయిలకి చుట్టే తెల్ల టేపేగా అది? పక్కన పెట్టు తల్లీ. అబ్బే, కోప్పడట్లేదు, నాకు కోపాలొచ్చే వయసు ఎప్పుడో దాటిపోయింది. ఫోన్లో ఎవడో చుట్టమన్నాడా? వాడి కారు వేరు, నీ కారు వేరు. ఇప్పటి కార్లలో ఇంజిను వేడి కనిపెట్టే సెన్సర్‌కి రెండు తీగలుంటాయి, మర మీద ఏం చుట్టినా వాటికి పెద్ద పట్టింపు ఉండదు. ఇది మీ తాత కారు. దీనికి ఒకటే తీగ. రెండోది ఏదీ అంటావా? ఈ ఇత్తడి ఒళ్ళే రెండోది. ఈ మర వెళ్ళి ఇంజిను ఇనుముకి ఆనితేనే ఎర్తు కలుస్తుంది, లోపల నీ ఎదురుగా వేడి చూపే ముల్లు కదుల్తుంది. మధ్యలో టేపు దూరిందనుకో, ఇంజిను ఉడికి చస్తున్నా ముల్లు మాత్రం హాయిగా కింద పడుకునుంటుంది. నాకెలా తెలుసా? తెలుసులే. అయినా ఇంజిను ఇంకా వేడిగానే ఉంది, చల్లారకుండా పాత సెన్సర్ విప్పితే వేడినీళ్ళు మొహాన కొడతాయి. ఆ స్టూలు లాక్కుని కూర్చో. పొద్దున అడిగావు కదా, మా తాత అంత పేరున్న మేస్త్రీ, ఉన్నట్టుండి పనెందుకు మానేశాడూ అని. మీ ఇంట్లో ఏం చెప్పుకుంటారు? చెయ్యి పోయిందని. ఆఁ, అదీ నిజమే. సగం.

మీ తాతని, అంటే మా బావని, ఊళ్ళో అందరూ జ్వరాల మేస్త్రీ అనేవాళ్ళు. కారు వేడెక్కిందంటే తిన్నగా మా షెడ్డుకే తోసుకొచ్చేవాళ్ళు. బ్రేకులకీ గేర్లకీ వేరే షెడ్లున్నాయి, వేడికి మాత్రం ఇదే. ఆయన చేసేదేముంది, బానెట్ ఎత్తి రేడియేటర్ పై పైపు మీద అరచెయ్యి ఆనించి లెక్కపెట్టేవాడు. పైకి కాదు, లోపల్లోపల, పెదాలు కదిలేవి. ఐదు దాకా చెయ్యి ఉంచగలిగితే బాగున్నట్టు. మూడుకే తీసేస్తే అనుమానం. ఒకటికే తీసేశాడంటే ఆ కారు రెండు రోజులు మా దగ్గర ఉండాల్సిందే. ఒకసారి ఒక పెద్దమనిషి, బట్టల కొట్టాయన, "అదేంటయ్యా, నా కారులో ముల్లుంది కదా, నీ చెయ్యెందుకు?" అన్నాడు. బావ ఏమన్నాడూ, "ముల్లు మీకోసం బాబూ, చెయ్యి నాకోసం" అన్నాడు. ఆయనకి నవ్వాలో కోప్పడాలో తెలీలేదు. ఆ తర్వాత వాళ్ళింట్లో పిల్లలకి ఒళ్ళు వెచ్చబడినా బావనే పిలుద్దామని పరాచికాలాడేవాడట. మనిషి మాత్రం పెద్ద మాటకారేం కాదు. నేను పని నేర్చుకున్న మూడేళ్ళలో నన్ను రెండుసార్లు మెచ్చుకునుంటాడు, అందులో ఒకటి నా పెళ్ళి రోజున.

అన్నట్టు ఈ సెన్సర్‌ని ఉడకబెట్టావా? చూశావా, నవ్వుతున్నావు. ఆయన ఉడకబెట్టేవాడు. కొత్తదైనా సరే, డబ్బా విప్పి నేరుగా బిగించడం మా షెడ్డులో నేరం. గిన్నెలో చన్నీళ్ళు పోసి, సెన్సర్‌ని తీగకి వేలాడదీసి, పక్కనే గాజు థర్మామీటర్ పెట్టి, స్టవ్వు వెలిగించి, కరెంటుకి ఎంత అడ్డుందో చూపే మీటర్ పట్టుకుని కూర్చునేవాడు. నీళ్ళు కాగేకొద్దీ మీటర్‌లో అంకె దిగుతూ రావాలి. నిదానంగా దిగితే మంచి సెన్సర్. ఒకచోట ఆగిపోయినా, గభాల్న దూకినా, చెత్తబుట్టలోకి. మొదట్లో ఆ గిన్నె మీ అమ్మమ్మ పాలగిన్నె. ఒకరోజు మా అక్క షెడ్డు గుమ్మంలో నిలబడి, "ఏమండోయ్, నా పాలు విరిగిపోతుంటే గేదెననుకున్నాను, మీరా?" అంది. షెడ్డంతా నవ్వు. బావ చెవులు ఎర్రబడ్డాయి. మర్నాడే కొత్త గిన్నె కొని అక్కకిచ్చాడు, పాతది షెడ్డుకి ఆస్తి అయిపోయింది. ఏం చెప్తున్నానూ? ఆఁ, టేపు. "ఒరేయ్ బామ్మర్దీ, మర దగ్గర నీళ్ళు చెమ్మగిల్లితే రాగి వాషర్ మార్చు. టేపు జోలికి మాత్రం పోకు" అని చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పేవాడు. అన్నిసార్లు చెప్తే ఏమవుతుందో తెలుసా? వినపడ్డం మానేస్తుంది.

నర్సమ్మ కారు వచ్చింది ఒకరోజు. చుట్టుపక్కల ఊళ్ళకి తిరిగి పురుళ్ళు పోసేదావిడ, బూడిదరంగు కారు, వెనక సీటు నిండా పెట్టెలు. సెన్సర్ దగ్గర నీళ్ళు కారుతున్నాయి, ముల్లు పిచ్చిపిచ్చిగా ఊగుతోంది. బావ ఇంకో కారు కింద పడుకునున్నాడు, నన్ను మార్చమన్నాడు. మార్చాను. ఉడకబెట్టే మార్చాను, అందులో వంకలేదు. అయితే వాషర్ సైజు కుదర్లేదు. చిన్నగా చెమ్మ. బజారుకెళ్ళి తేవాలంటే గంట, ఆవిడేమో గుమ్మంలో నిలబడి చేతి గడియారం చూసుకుంటోంది, ఎవరికో నొప్పులు మొదలయ్యాయట. కిటికీలో టేపు కనపడింది. నాలుగు చుట్లు చుట్టి బిగించాను. చెమ్మ ఆగిపోయింది. చూశావా ఎంత తేలికో అనుకున్నాను. నీళ్ళు నింపేటప్పుడు తొందరలో లోపల గాలి కూడా సరిగా పోనివ్వలేదు, గాలి ఇరుక్కుంటే ఇంజిను కాగిపోతుంది, అదీ నా పనే. స్టార్ట్ చేశాం. కాసేపయ్యాక బావ వచ్చి, "ముల్లు లేవలేదేంట్రా?" అన్నాడు. "చల్లగా ఉంది బావా, కొత్త సెన్సర్ కదా" అన్నాను. టేపు మాట చెప్పలేదు, తిడతాడని. ఆయన అలవాటుగా పైపు మీద చెయ్యి పెట్టాడు. పెదాలు కదిలాయి. ఐదు. ఇంకా ఉంచాడు. "బాగానే ఉంది, వెళ్ళి రండి" అన్నాడు ఆవిడతో. నేనూ ఊపిరి పీల్చుకున్నాను. ఆయన చెయ్యి బాగుందన్నాక ఇంక నాకేం అనుమానం?

వంతెన దాటాక ఇంజిను పట్టేసింది. మనుషులకేం కాలేదులే, కంగారుపడకు. ఆవిడ పెట్టె మోసుకుంటూ ఎండలో నాలుగు మైళ్ళు నడిచిందట, వెళ్ళేసరికి ఆ ఇంట్లో వాళ్ళే పురుడు పోసుకున్నారట, తల్లీ బిడ్డా క్షేమం. మర్నాడు వచ్చి తాళంచెవి బల్ల మీద పెట్టింది. అరవలేదు. "మేస్త్రీ గారూ, మీరు చెయ్యి పెట్టి చూశారు కదా, బాగుందన్నారు కదా" అంది, అంతే. అరిచినా బాగుండేది. బావ తన అరచేతి వంక చూసుకుంటూ నిలబడ్డాడు. కారు లాక్కొచ్చాక సెన్సర్ విప్పింది నేనే. మర నిండా టేపు, ఎక్కడా ఇనుము తగల్లేదు. గోటితో గీకి, ఉండ చుట్టి, జేబులో వేసుకున్నాను. బావ వచ్చి సెన్సర్ చేతిలోకి తీసుకుని గిన్నెలో వేశాడు. నీళ్ళు కాగాయి, అంకె దిగింది, లెక్కగా దిగింది. "సెన్సర్ మంచిదేరా" అన్నాడు.

అప్పుడేం చేశాడో చెప్తాను, ఇది మీ అమ్మమ్మకి కూడా తెలీదు. గిన్నెలో నీళ్ళు పారబోసి, మళ్ళీ చన్నీళ్ళు పోసి, థర్మామీటర్ పెట్టి, స్టవ్వు వెలిగించి, అందులో తన చెయ్యి పెట్టాడు. అవును, ఆ చెయ్యే. సెన్సర్‌ని చూసినట్టే. పెదాలు కదలడం లేదు, థర్మామీటర్ వంక చూస్తున్నాడు. నేను మొదట ఏదో వెతుకుతున్నాడనుకున్నాను. గిన్నె అంచున ఆవిరి లేచింది. ఆయన మొహంలో ఏమీ లేదమ్మా, బస్సు కోసం నిలబడ్డ మనిషిలా ఉన్నాడు. నేనే ఉరికి చెయ్యి బయటికి లాగాను. వేళ్ళు కందిపోయున్నాయి. "పోయిందిరా" అన్నాడు. షుగరుంటే అలా స్పర్శ చచ్చిపోతుందని తర్వాత డాక్టరు చెప్పాడు, ఎన్నాళ్ళ నించో ఏమో. నా జేబులో టేపు ఉండ అలాగే ఉంది. అప్పుడు చెప్పొచ్చు. "బావా, నీ చెయ్యే కాదు, ముల్లుని నేను చంపాను, అది పనిచేసుంటే నువ్వు బండి కదలనిచ్చేవాడివి కాదు" అనొచ్చు. పదిహేను మాటలు కూడా లేవు. ఆ ఉండని జేబులో ఇంకా అడుక్కి నొక్కాను. ఆయన స్టవ్వు ఆర్పి, గిన్నె బోర్లించి, "రేపట్నించి నువ్వు చూసుకో" అన్నాడు. నర్సమ్మకి ఇంజిను ఉచితంగా చేసిచ్చాం, ఆవిడా మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఊరే ఎత్తింది, జ్వరాల మేస్త్రీ చెయ్యి తప్పిందట అని.

చెప్పుంటే మానేవాడు కాదా అంటావా? ఏమో. చెయ్యి ఎలాగూ పోయింది కదా. మానేవాడేమో. కాకపోతే తప్పంతా తనదే అనుకుని మానడం వేరు. తర్వాత పదకొండేళ్ళు బతికాడు, నువ్వు పుట్టకముందు మాట. ఆ వరండాలో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు, షెడ్డులోకి మాత్రం కాలు పెట్టలేదు. టీ గ్లాసు ఇస్తే పట్టుకోబోయే ముందు మీ అమ్మమ్మని అడిగేవాడు, "వేడిగా ఉందా?" అని. రోజుకి రెండుసార్లు. నేను పక్కనుంటే గ్లాసు వంక చూసేవాణ్ణి, మొహం వంక చూసేవాణ్ణి కాదు. ఆయన పోయిన పదోరోజో పన్నెండోరోజో, చుట్టాలంతా వెళ్ళిపోయాక, అక్క నన్ను అడిగింది. "ఒరేయ్ తమ్ముడూ, నువ్వు పక్కనే ఉన్నావు కదా. ఆ రోజు నిజంగా ఆయన చెయ్యే తప్పు చెప్పిందా?" అంది. అంటే ఆ పదకొండేళ్ళూ ఆవిడ నమ్మలేదన్నమాట, ఒక్కతే. నేను ఏమన్నానా?

"అవునక్కా" అన్నాను.

చల్లారిందేమో చూడు. చెయ్యి పెట్టి చూడు.