నేల మరిచిన జల్లు

“ఆ కంప్యూటర్ ఆపితే వారం రోజుల పని మట్టిలో కలుస్తుందని చెప్పానా?” అన్నాడు భర్త.

“దాని వేడికి పడగ్గది కుంపటైంది. నేనూ పిల్లా ఇంకెన్నాళ్ళు హాల్లో కటిక నేల మీద దొర్లాలి?”

“అంతరిక్షం నుంచి వచ్చే ఒక్క కాస్మిక్ కణం గాలికి గుద్దుకుంటే లక్షల కణాల జల్లవుతుందే! అది నేల చేరేదాకా కంప్యూటర్ లెక్క కట్టాలి.”

“మీ అమ్మగారితో నేనన్న ఒక్క మాట వీధి చివరికి అలాగే లక్ష మాటలై చేరింది. దానికి ఏ కంప్యూటరూ అక్కర్లేకపోయింది. ఇంతకీ మీ జల్లింకా నేల చేరలేదా?”

అతను తెర మీదికి వంగాడు. ముఖం పాలిపోయింది.

“నేల ఎక్కడుందో కంప్యూటర్‌కి చెప్పడం మర్చిపోయాను. జల్లు ఇంకా కిందికి పోతూనే ఉంది.”

ఆమె నవ్వు దిగమింగుకుంది. భోజనాల దగ్గర అత్తగారూ కూతురూ వింటుండగా, వడ్డిస్తూనే నెమ్మదిగా చెప్పింది.

“ఇవాళ్టి నుంచి నేనూ పిల్లా గదిలో పడుకుంటాం. ఆయనా కంప్యూటరూ హాల్లో. నేలెక్కడుందో వీపుకి తెలిస్తే ఇక మర్చిపోరు.”