ఎనిమిది వాట్లకి తగిన జత

"అది కాదమ్మాయ్, మొదటి జత నచ్చలేదని కాదు. నచ్చింది. కానీ ఇది... ఇది వేరు."

"ఏం వేరండీ?"

"పైన. పైన ఆ మెరుపు చూశావా? తాళాల చప్పుడు జల్లుమని వచ్చి మొహం మీద పడుతోంది."

"పడుతోందా?"

"పడ్డం ఏమిటి, తడిసిపోయాను."

హారన్ స్పీకర్లు చేసే ఆవిడకి నలభై ఇంకా నిండలేదు. మేడమీద, వడ్రంగి గది పక్కనే ఉన్న చిన్న హాల్లో, ఆవిడ ఎదురుగా పెద్దాయనా ఆయన భార్యా కూర్చుని గంట దాటింది. సంగీతప్రియులు చదివే పత్రికలో ఏ స్పీకరు బాగుందో ఏది బాగాలేదో పాతికేళ్లుగా తేల్చి చెబుతున్నది ఆయనే. ఆయన్ని అందరూ 'బంగారు చెవి' అంటారు. ఆయన ఆ గదిలోకి రావడం ఇదే మొదటిసారి. ఆవిడ మాత్రం ఆయన్ని చూడ్డం ఇది రెండోసారి.

"మీ యాంప్లిఫయరు ఎనిమిది వాట్లేగా?"

"ఎనిమిదే. పాతకాలం వాల్వులది. మావాళ్లు ముచ్చటపడి చేయించి ఇచ్చారు. ఇంట్లో ఉన్న స్పీకర్లకి తగిలిస్తే, పాపం, ముసలాడు మేడ ఎక్కినట్టు ఆయాసపడుతోంది."

"పడుతుందండీ. వాటికి వందేసి వాట్లు పొయ్యాలి. హారన్‌కి అక్కర్లేదు. దూరాన ఉన్నవాళ్లని పిలవాలంటే నోటి చుట్టూ చేతులు పెట్టుకుంటాం చూడండి, హారన్ చేసేది ఆ పనే. ఒక్క వాటు ఇస్తే ఈ గది నిండిపోతుంది."

"నాకు చెబుతున్నావా?"

"మీకు తెలీదని కాదండీ. వచ్చినవాళ్లందరికీ చెప్పే మాట, నోటికొచ్చేసింది."

"సరే, చెప్పు, చెప్పు. మా ఆవిడ వింటుంది."

"నేను వింటూనే ఉన్నాను," అంది భార్య.

"కింద ఈ పెద్ద హారన్ ఉంది చూడండి అమ్మగారూ, గొంతూ వాయిద్యాలూ దీంట్లోంచి వస్తాయి. పైన ఉన్న చిన్నది సన్నటి చప్పుళ్లకి. తాళాలు, తీగ మీద గోరు తగలడం, పాడేవాళ్లు ఊపిరి తీసుకోవడం, అలాంటివి."

"ఆ చిన్నదే అసలు పనిమంతురాలు," అన్నాడు పెద్దాయన. "దాంట్లోనే తెలుస్తుంది చేసినవాడి చెయ్యి."

"మీ గది ఎంతండీ?"

"పొడుగు పద్నాలుగు అడుగులు."

"అయితే మొదటి జత మీకొద్దు. దాంట్లో చిన్న హారన్ కాస్త ముందుకొచ్చి పలుకుతుంది. అంత దగ్గర్నుంచి వింటే చెవిలో గుచ్చుకుంటుంది."

"అదే, అదే. గుచ్చుకుంది. ఈ రెండోదే నాకు తగినది. ఇది పాతదా, పాత తరహాలో చేసిందా?"

"పాతదేనండీ. రంగు నేను కొత్తగా వేశాను."

"అమ్మాయ్, ఆ మొదటి పాట ఇంకోసారి వేస్తావా?" అని అడిగింది భార్య.

ఆవిడ రికార్డు తిప్పి పెట్టింది. పాట సగంలో ఉండగా భార్యే మళ్లీ కదిపింది.

"ఏమండీ, ఊపిరి కూడా వినపడుతోందన్నారు?"

"వినపడుతోందిగా. చరణానికి ముందు, అదుగో. నీకు వినపళ్లేదూ?"

"మీరు చెబితే తెలుస్తోంది."

"వచ్చే నెల రాస్తాను అమ్మాయ్. నా మాట పడిందంటే నీ దశ తిరిగిపోతుంది."

"తిరుగుతుందండీ. మీరు రాస్తే తిరుగుతుంది. మా ఇంట్లో ఒకసారి తిరిగింది."

"అంటే?"

"మా నాన్నా హారన్లే చేసేవాడు."

ఆవిడ రికార్డు ఆపేసి, స్టూలు లాక్కుని కూర్చుంది. చెక్క సైజులు చెప్పినంత మామూలుగా చెప్పుకొచ్చింది. వాళ్ల నాన్న వడ్రంగి. రెండేళ్లు కష్టపడి, సన్నటి చెక్క పొరలు ఒకదాని మీద ఒకటి అతికించి ఒక జత చేశాడు. దాన్ని బండి మీద వేసుకుని ఒక పెద్దమనిషి ఇంటికి తీసుకెళ్లి వినిపించాడు. తోడు వెళ్లిన కూతురు గుమ్మం బయటే నిలబడింది. బాగుందనీ లేదనీ అనకుండా పంపించిన ఆ పెద్దమనిషి, మరుసటి నెల పత్రికలో ఒక్క వాక్యం రాశాడు: ఈ దొప్పల్లోంచి పాట వింటే, పాడే మనిషి గోనెపట్టా కప్పుకుని పాడినట్టుంది. ఆ వారంలోనే చేయించుకుంటామన్న తొమ్మిది మందీ మొహం చాటేశారు. వీధిలోవాళ్లు ఆయన్ని 'గోనెపట్టా' అని పిలవడం మొదలుపెట్టారు.

"ఆ... గుర్తొస్తోంది. దొప్పల వడ్రంగి. నువ్వు ఆయన..."

"కూతుర్ని."

"చూడమ్మా, అది ఎప్పటి మాట, ఇరవై..."

"ఇరవై రెండేళ్లు. ఆ తొమ్మిది మందీ పోయినందుకు కాదండీ నా బాధ. మీ మాట మా నాన్న నమ్మాడు. అంత చెవి ఉన్నాయన చెప్పాక తప్పు నా చెక్కలోనే ఉండుంటుంది అన్నాడు. హారన్ మూతి వెడల్పు చేశాడు, గొంతు సన్నం చేశాడు. పదకొండు జతలు చేశాడు. అన్నిట్లోనూ తాళాలు గలగలమంటూనే ఉన్నాయి నాన్నా అంటే, మనకి అలా అనిపిస్తోంది కానీ లేవమ్మా అనేవాడు. చివరికి చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లాడు."

"డాక్టరు ఏమన్నాడు?" అని భార్య అడిగింది.

"చిన్నపిల్లాడి చెవుల్లా ఉన్నాయన్నాడు. మా నాన్న నమ్మలేదు. పదకొండు జతలూ కోసి అలమరా అరలు చేశాడు. మా ఇంట్లో చెప్పుల స్టాండు కూడా హారన్ ముక్కే. ఆ తర్వాత తలుపులూ కిటికీలూ చేసుకుని బతికాడు. పాట వినపడితే లేచి బయటికి వెళ్లిపోయేవాడు. మూడేళ్లయింది పోయి."

"అయ్యో. నేను ఏదో కావాలని... నాకు వినపడిందే రాశానమ్మా. రాసేవాడి ధర్మం అది."

"ఇవాళ కూడా మీకు వినపడిందే చెప్పారా?"

"మరి?"

"మీకు తగినదన్న ఈ రెండోది, ఆ రోజు మా నాన్న మీ ఇంటికి తెచ్చిన జతే. పక్కింటి అటక మీద మా అమ్మ దాచిపెడితే మిగిలింది. మీరు గోనెపట్టా అన్నది దీన్నే."

"అయితే... అయితే నువ్వు ఏదో బాగుచేసి ఉంటావు."

"బాగుచెయ్యలేదు. ఇలా వెనక్కి రండి. రండి, చూడండి. ఈ చిన్న హారన్ వైరు ఏమైంది?"

"ఏమైంది?"

"మీరు రాకముందే ఊడదీశాను. రెండు వైపులా. ఈ జత పలికినంతసేపూ ఇందులోంచి ఒక్క చప్పుడు కూడా రాలేదండీ. మిమ్మల్ని తడిపిన తాళాలు ఇక్కడివి కావు. ఊపిరీ ఇక్కడిది కాదు."

పెద్దాయన ఊడి వేలాడుతున్న వైరు కొసని వేళ్లతో పట్టుకున్నాడు. చాలాసేపు వదల్లేదు. ఈ నిమిషం కోసం మూడేళ్లు కాచుకున్న ఆవిడ, ఆయన మొహం కేసి చూస్తూ నిలబడింది.

"ఆదివారం మీ సంగీతప్రియుల సభలో నలుగురి ముందూ ఇదే చెబుతాను," అంది. "మీకు చెవి లేదని."

ఆయన భార్య వైపు తిరిగాడు.

"నీకు తెలిసిందా?"

"మొదటి పాటలోనే."

"మరి నాకు చెప్పలేదేం? ఎక్కడికెళ్లినా పక్కన కూర్చుని చెబుతావు కదా. మోచేత్తో పొడిచయినా చెబుతావు. ఇవాళ నోరు పెగల్లేదా?"

"ఆ రోజు చెప్పానుగా."

"ఏ రోజు?"

"వీళ్ల నాన్న వచ్చిన రోజు. అమ్మాయ్, నువ్వు గుమ్మం బయట ఉన్నావేమో, నేను లోపలే ఉన్నాను. పాట మొదలయ్యేసరికి నాకు కళ్లనీళ్లు ఆగలేదు. పాడే మనిషి వచ్చి మా ముందుగదిలో కూర్చున్నట్టే ఉంది. ఇంత బాగున్నవి నేనెప్పుడూ వినలేదండీ అని ఈయన చెవిలో చెప్పాను. నేను ఆయన చెవిలో చెప్పిన మొదటి మాట అదే."

"ఊరుకో. ఇక్కడ ఎందుకవన్నీ. నాకు వినపడిందే నేను రాశాను."

"సన్నటి చప్పుళ్లు మీకిక వినపడవని డాక్టరు చెప్పిన వారంలో రాశారు."

"ఊరుకోమన్నానా?"

"ఆ తర్వాత ఎన్ని రాసినా నేను చెప్పిందే రాశారు. ఆ ఒక్కటే తిప్పి రాశారు. నేను ఏడవడం చూశారు కదా. మీకు లేనిది నాకు ఉందని కడుపుమంట. దాన్ని నా మీద తీర్చుకోలేక, చెక్కలు చెక్కుకునేవాడి మీద తీర్చుకున్నారు."

హారన్ల ఆవిడ పెద్దాయన్ని వదిలేసి ఆయన భార్య వైపు తిరిగింది.

"ఇన్నేళ్లూ మీరు తెలిసీ నోరు మూసుకున్నారా అమ్మగారూ?"

"మూసుకున్నాను. ఆయన పేరు మీద ఇల్లు గడిచింది, నేనూ తిన్నాను. నన్ను క్షమించమని అడగనులే. ఆ వైరు బిగించమ్మా. ఒక్కసారి విని వెళ్తాను."

"నువ్వు పోయి బయట మెట్ల దగ్గర నిలబడు," అన్నాడు పెద్దాయన భార్యతో. "ఈ కొట్టు సంగతి నేనెవరికీ చెప్పను. ఇక్కడికి వచ్చినట్టే మర్చిపోదాం."

"మీరు రాయకపోతే ఈసారి నేను రాస్తాను. నా పేరుతోనే. ఇన్నాళ్లూ విన్నది నేనేగా," అంది భార్య.

హారన్ల ఆవిడ మోకాళ్ల మీద కూర్చుని, ఒకవైపు బిగించి, రెండోవైపు బిగించింది. పాట మొదలయింది. గదిలో ఇద్దరికి కళ్లు నిండాయి. మూడో మనిషి చేతికర్ర వెతుక్కుంటున్నాడు.

"పద. మావాళ్లకి బుద్ధి లేదు. ఎవరిదో ఏమిటో చూసుకోకుండా ఈ కొట్టు పేరు చెప్పి పంపించారు. వాళ్లని..."

"వాళ్లననకండి. ఈ చిరునామా వాళ్ల చేత మీకు చెప్పించింది నేను. ఈ పిల్ల ఎవరో తెలిసే తీసుకొచ్చాను."